ఆఫ్‌లో ఉన్న జన్యువులన్నీ ఒకేలా ఆఫ్‌లో ఉండవు: థైమస్‌లో టి కణం కథ

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. మొదటిది: "టి కణం తయారవ్వాలంటే నాచ్, గాటా3 లాంటివి కావలసిన జన్యువులను ఆన్ చేస్తే సరిపోదా? సెమినార్ కోసం తీసిన పేపర్లన్నీ రిప్రెషన్ చుట్టూనే ఎందుకు తిరుగుతున్నాయి?" రెండోది: "ఆఫ్ చేసిన ప్రోటీన్‌ను తీసేస్తే ఆ జన్యువు మళ్లీ ఆన్ అవుతుందా?" టి కణం అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణం, అది తయారయ్యే చోటు ఛాతీలోని థైమస్ గ్రంథి. నాచ్, గాటా3 దాని జన్యువులను ఆన్ చేసే ప్రోటీన్లు. రిప్రెషన్ అంటే జన్యువును అణచి ఆఫ్‌లో ఉంచడం.

అసలు కిటుకంతా రెండో ముక్కలో ఉంది. దానికి జవాబు: కొన్నిసార్లు అవుతుంది, కొన్నిసార్లు ఎన్ని తరాలు విభజన జరిగినా అవదు. తలుపును చేత్తో పట్టుకుని మూసి ఉంచడం వేరు, తాళం వేసి వెళ్లిపోవడం వేరు. చూసేవాడికి రెండూ మూసిన తలుపులే. థైమస్‌లో ఏ జన్యువును ఏ పద్ధతిలో మూశారన్నది తెలిస్తే సగం సబ్జెక్టు వచ్చేసినట్టే. నేను ఏళ్ల తరబడి ఎలుకల థైమస్‌లతోనే పని చేశాను, అందులో ఎక్కువ కాలం కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమీటర్ ముందే గడిచింది. కాబట్టి కింద చెప్పేవి ఎక్కువగా ఎలుకల సంగతులే. మనుషుల గురించి చెప్పినప్పుడు విడిగా చెబుతాను.

ముందు మొదటి ముక్క. ఎముక మజ్జ నుంచి థైమస్‌కు చేరే కణం పుట్టినింటి సామాను మూటగట్టుకునే వస్తుంది. పీయూ.1, ఎల్‌ఎంఓ2 లాంటి మజ్జ కాలపు జన్యువులు దానిలో ఇంకా నడుస్తూనే ఉంటాయి. అది మాక్రోఫేజ్ కాగలదు, డెండ్రిటిక్ కణం కాగలదు, ఎన్‌కే కణం కాగలదు. ఇవన్నీ వేరే రకాల రోగనిరోధక కణాలు. థైమస్ గోడల్లోని ఎపిథీలియల్ కణాలు డెల్టా లైక్ 4 అనే ప్రోటీన్‌ను చూపిస్తాయి. అది వచ్చిన కణం మీది నాచ్1ను తట్టి లేపుతుంది. 1999లో నాచ్1 తీసేసిన ఎలుకల్లో ఏం జరిగిందంటే, థైమస్‌లో టి కణాలు రాలేదు సరికదా, వాటి స్థానంలో యాంటీబాడీలు చేసే బి కణాలు పేరుకున్నాయి. అంటే నాచ్ "టి కణం అవ్వు" అనడంతో పాటు "బి కణం అవ్వకు" అని కూడా చెబుతోంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నాచ్ వచ్చింది, టి కణం అయింది, అయిపోయింది అనుకుంటారు. నిజానికి ఎలుకలో ఆ కణం గట్టిగా "టి" వైపు కట్టుబడడానికి పది రోజుల పైమాటే పడుతుంది. ఆ పది రోజుల్లో అది డబుల్ నెగటివ్ దశలు ఒక్కొక్కటీ దాటుతుంది. టి కణాల పొర మీద ఉండే సీడీ4, సీడీ8 అనే ప్రోటీన్లు రెండూ లేవు కాబట్టి డబుల్ నెగటివ్, క్లుప్తంగా డీఎన్. డీఎన్1, డీఎన్2 దశల్లో ఉన్న కణాన్ని బయటికి తీసి, నాచ్ సంకేతం లేకుండా వేరే సైటోకైన్లు (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లు) ఇస్తే అది హాయిగా వేరే దారి పట్టేస్తుంది. డీఎన్3 చేరాక అలా చెయ్యలేరు. తమాషా ఏమిటంటే, డీఎన్2 నాటికే టి వైపు నడిపే టీసీఎఫ్1, గాటా3 ఆన్‌లోనే ఉన్నాయి. అంటే ఆన్ కావలసినవి చాలావరకు ముందే ఆన్ అయ్యాయి. డీఎన్2కీ డీఎన్3కీ మధ్య మారిన పెద్ద విషయం పాత దారులు మూసుకుపోవడం. ఇంటర్‌లో బైపీసీలో చేరినంత మాత్రాన పిల్లవాడు డాక్టరు అయిపోడు గానీ, ఇంజనీరింగ్ దారి మాత్రం దాదాపుగా ఆ రోజే మూసుకుపోతుంది. కమిట్‌మెంట్ అంటే అంతే. మీరు సెమినార్‌లో ఆ మాట వాడినప్పుడు "టి జన్యువులు ఆన్ అవడం" అనే అర్థంలో వాడకండి, ఎవరో ఒకరు పట్టుకుంటారు.

దారి మూయకపోతే ఏమవుతుంది అన్నదానికి 2006 నాటి ప్రయోగాలున్నాయి. టి వైపు కట్టుబడ్డ పసి కణాల్లోకి పీయూ.1ను బలవంతంగా మళ్లీ ఎక్కించారు. అవి డెండ్రిటిక్ కణాలుగా మారాయి. సీ/ఈబీపీ ఆల్ఫా అనే మరో ప్రోటీన్‌ను ఎక్కిస్తే మాక్రోఫేజ్‌లయ్యాయి. అదే ఏడాది మరో బృందం చూపించింది, నాచ్ సంకేతం నడుస్తూ ఉంటే పీయూ.1 అంత తేలిగ్గా ఆ పని చెయ్యలేదని. ఒక్క ప్రోటీన్ తిరిగొస్తే కణం జాతే మారిపోతుందంటే, దాన్ని అణచి ఉంచడం ఎంత ముఖ్యమైన పనో వేరే చెప్పక్కర్లేదు.

మరి డీఎన్2లో తలుపులు మూసేది ఎవరు? పెద్ద పేరు బీసీఎల్11బీ అనే ప్రోటీన్. 2010 జూలైలో సైన్స్ పత్రిక ఒకే సంచికలో దీని మీద మూడు పేపర్లు పక్కపక్కనే వచ్చాయి. ఆ రోజుల్లో మా జర్నల్ క్లబ్‌లో మూడు వారాలు ఇదే గొడవ. బీసీఎల్11బీ లేకపోతే కణాలు డీఎన్2 లాంటి దశలో చిక్కుకుపోతాయి, పాత దారులు తెరిచే ఉంటాయి. ఇంకా ఆశ్చర్యం కలిగించింది మరొకటి: పూర్తిగా తయారైన టి కణాల్లోంచి దీన్ని తీసేసినా అవి ఎన్‌కే కణాల్లా మారడం మొదలుపెట్టాయి, టి లక్షణాలు తగ్గుతూ వచ్చాయి. అంటే ఎన్‌కే దారిని బీసీఎల్11బీ చేత్తో పట్టుకుని మూసి ఉంచుతోంది. చెయ్యి తీస్తే తలుపు తెరుచుకుంటుంది. తర్వాత, 2018లో, అది ఎవరిని అణుస్తోందో పేర్లతో సహా తేలింది. ముఖ్యమైనవి ఐడీ2, పీఎల్‌జెడ్‌ఎఫ్. ఈ రెండూ ఎన్‌కే కణాల దాయాదులైన సహజ లింఫాయిడ్ కణాల దారికి సంబంధించిన జన్యువులు. బీసీఎల్11బీ ఒంటరిగా పని చెయ్యదు. రంక్స్1 లాంటి తోటి ప్రోటీన్లను కొత్త చోట్లకు తీసుకెళ్తుంది, క్రొమాటిన్‌ను (డీఎన్‌ఏ, అది చుట్టుకుని ఉండే ప్రోటీన్లు కలిసిన కట్టను) బిగించే ప్రోటీన్ సంఘాలను వెంటబెట్టుకుని వస్తుంది.

ఇదే సంగతి మనుషుల్లో ఎలా బయటపడిందో కూడా చెప్పాలి. 2016లో అమెరికా నుంచి ఒక కేసు అచ్చయింది. పుట్టిన బిడ్డల మడమ రక్తపు చుక్కతో చేసే పరీక్షలో టి కణాలు లేవని తేలిన శిశువు. వెతికితే బీసీఎల్11బీలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. రెండు కాపీల్లో ఒకటి బాగానే ఉంది, అయినా లాభం లేకపోయింది. చెడిన కాపీ మంచి కాపీ పనిని కూడా చెడగొట్టింది.

బీసీఎల్11బీ ఆన్ అవడమే తలుపులు మూసుకోవడానికి గంట అనుకుంటే, ఆ గంట ఎందుకంత ఆలస్యంగా మోగుతుంది? దాన్ని ఆన్ చెయ్యడానికి కావలసిన నాచ్, టీసీఎఫ్1, గాటా3, రంక్స్1 నాలుగూ ముందే ఉన్నాయి. దీనికి 2018లో కాల్టెక్ నుంచి వచ్చిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఎలుకలో బీసీఎల్11బీ జన్యువు రెండు కాపీలకూ రెండు వేర్వేరు రంగుల ఫ్లోరసెంట్ ప్రోటీన్లు తగిలించారు, ఒకదానికి పసుపు, రెండోదానికి ఎరుపు. కణంలో కావలసిన ప్రోటీన్లు చాలక ఆలస్యమవుతుంటే, అవి సరిపడా వచ్చిన రోజు రెండు రంగులూ దాదాపు ఒకేసారి వెలగాలి. కానీ ఒకే కణంలో ఒక రంగు వెలిగి రెండోది రోజుల తరబడి చీకటిగా ఉన్న కణాలు బోలెడు కనిపించాయి. అంటే అదే కణం, అదే వాతావరణం, అవే ప్రోటీన్లు, అయినా ఒక కాపీ లేచింది, రెండోది నిద్రపోతోంది. తేడా ఆ కాపీని చుట్టుకుని ఉన్న క్రొమాటిన్‌లో ఉంది. జన్యువులను అణచే పాలీకోంబ్ ప్రోటీన్ల సంఘం వేసే గుర్తు, అంటే డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ హెచ్3 ప్రోటీన్‌లో 27వ స్థానంలోని లైసిన్ మీద మూడు మిథైల్ గుంపులు, ఆ కాపీ మీద నుంచి తొలగడానికి సమయం పడుతుంది. 2021లో అదే వరసలో వచ్చిన పని ప్రకారం, కణం విభజనను ఆపినా ఈ గడియారం నడుస్తూనే ఉంటుంది, పాలీకోంబ్‌ను అడ్డుకుంటే త్వరగా మోగుతుంది.

ఈ ముక్క మీద కాస్త ఆగండి. అణచివేత అంటే వద్దన్న జన్యువును మూయడమే అనుకుంటాం. ఇక్కడ కావలసిన జన్యువునే కొన్నాళ్లు మూసి ఉంచి, దాన్ని గడియారంలా వాడుతున్నారు. ఆ ఆలస్యం వల్ల లాభం ఏమిటంటే, కణానికి మధ్యలో చాలాసార్లు విభజన జరుగుతుంది. థైమస్‌లోకి వచ్చేవి చాలా కొద్ది కణాలు, బయటికి కావలసినవి లక్షలు. తొందరపడి కట్టుబడితే పంట తగ్గుతుంది.

పాలీకోంబ్ పేరు చూసి భయపడకండి, అది పండ్ల ఈగల నుంచి వచ్చిన పేరు. మగ ఈగకు ముందు కాళ్ల మీద మాత్రమే చిన్న దువ్వెన లాంటి ముళ్లుంటాయి. ఈ జన్యువు చెడితే వెనక కాళ్ల మీద కూడా దువ్వెనలు మొలుస్తాయి, అందుకే "చాలా దువ్వెనలు". హైదరాబాద్ సీసీఎంబీలో ఈగల మీద పాలీకోంబ్ పని ఏళ్ల తరబడి జరిగింది. మీరు ఆ చుట్టుపక్కలే ఉంటే అక్కడి సెమినార్లు వదులుకోవద్దు.

ఇప్పుడు రెండో ప్రశ్న. దీనికి సీడీ4 జన్యువును మించిన ఉదాహరణ లేదు.

సీడీ4 జీవితం చూడండి. డీఎన్ దశలో ఆఫ్. తర్వాతి డబుల్ పాజిటివ్ దశలో, అంటే డీపీలో, సీడీ8తో పాటు ఆన్. ఎదిగిన ఎలుకపిల్ల థైమస్‌లో పది నుంచి ఇరవై కోట్ల కణాలుంటే అందులో దాదాపు 80 శాతం ఇవే. ఆ తర్వాత మిగతా రోగనిరోధక కణాలకు సాయపడే హెల్పర్ కణమైతే ఆన్‌లోనే ఉంటుంది, రోగం సోకిన కణాలను చంపే కిల్లర్ కణమైతే ఆఫ్. అంటే ఒకే జన్యువు రెండుసార్లు ఆఫ్‌లో ఉంటుంది. డీఎన్‌లో ఉన్న ఆఫ్ తాత్కాలికం, ఎందుకంటే డీపీలో మళ్లీ ఆన్ కావాలి. కిల్లర్‌లో ఉన్న ఆఫ్ శాశ్వతం.

1994లో డాన్ లిట్‌మన్ బృందం సీడీ4 జన్యువు మొదటి ఇంట్రాన్‌లో (జన్యువులో ప్రోటీన్‌కు కోడ్ కాని భాగంలో) నాలుగు వందల చిల్లర అక్షరాల డీఎన్‌ఏ ముక్కను కనిపెట్టింది. దానికి సైలెన్సర్ అని పేరు. పుట్టుకతోనే ఆ ముక్క లేని ఎలుకల్లో డీఎన్ కణాల మీదా సీడీ4 కనిపించింది, కిల్లర్ కణాల మీదా కనిపించింది. అంటే రెండు ఆఫ్‌లకూ అదే ముక్క కావాలి. ఇంతవరకూ మామూలే. 2001లో వాళ్లే అసలు ప్రయోగం చేశారు: కిల్లర్ కణం పూర్తిగా తయారయ్యేదాకా ఆగి, అప్పుడు డీఎన్‌ఏను ఎంచుకున్న చోట కోసే క్రీ ఎంజైమ్‌తో సైలెన్సర్‌ను కోసేశారు. సీడీ4 తిరిగి రాలేదు. కణం విభజన చెందినా రాలేదు. సైలెన్సర్ పోయింది, దాని మీద కూర్చునే ప్రోటీన్లకు చోటే లేదు, అయినా తలుపు తెరుచుకోలేదు. తాళం అంటే ఇదీ.

మరుసటి ఏడాది ఆ సైలెన్సర్ మీద కూర్చునేది రంక్స్ కుటుంబమని తేలింది. డీఎన్‌లో పట్టుకునే పని రంక్స్1ది, కిల్లర్‌లో తాళం వేసే పని రంక్స్3ది. ఒకే గుమ్మం దగ్గర ఇద్దరు అన్నదమ్ములు. తాళం వేశాక దాన్ని కాపాడేదాంట్లో డీఎన్‌ఏ మిథైలేషన్‌ది (డీఎన్‌ఏ మీదే మిథైల్ గుర్తులు వేయడం) పెద్ద పాత్ర అని 2015లో చూపించారు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు సీడీ4 విషయంలో ఇలా చెప్పాలి: తాళం పడకముందు అణచివేతను తీసేస్తే ఆన్ అవుతుంది, పడ్డాక తీసేస్తే అవదు.

హెల్పర్ కణంలో సీడీ8 కథ దీనికి అద్దంలో బొమ్మలా ఉంటుందనుకుంటారు. ఉండదు. ఇక్కడ టీహెచ్‌పాక్ అనే ప్రోటీన్‌ను పరిచయం చెయ్యాలి. ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్‌లో దానంతటదే ఒక మ్యుటేషన్ వచ్చిన ఎలుకల్లో హెల్పర్ కణాలే లేవు. హెల్పర్లు కావలసిన కణాలు చనిపోలేదు, కిల్లర్ వేషం వేసుకుని బయటికొచ్చాయి. 2005లో ఆ మ్యుటేషన్ టీహెచ్‌పాక్ జన్యువులో ఒక్క అక్షరం మార్పు అని తేలింది. టీహెచ్‌పాక్ స్వతహాగా అణచే ప్రోటీన్. రంక్స్3నీ కిల్లర్ జన్యువులనీ అది అణుస్తుంది. రంక్స్ ఊరుకుంటుందా, కిల్లర్ కణంలో టీహెచ్‌పాక్ జన్యువుకున్న సైలెన్సర్ మీద కూర్చుని దాన్ని మూసేస్తుంది. ఇది 2008లో వచ్చిన పేపర్. ఇద్దరు దాయాదుల తగాదా, ఎవరు ముందు తలుపేస్తే ఇల్లు వాళ్లది. అయితే ఎదిగిన హెల్పర్ కణంలోంచి టీహెచ్‌పాక్‌ను తీసేస్తే సీడీ8 మళ్లీ తలెత్తుతుంది. కిల్లర్‌లో సీడీ4కి తాళం వేశారు గానీ, హెల్పర్‌లో సీడీ8ని ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నారు. ఎందుకిలా ఒకవైపే తాళం అని నన్ను అడిగితే, పుస్తకాల్లో వేసే సరిసమానమైన బాణాల బొమ్మలను నమ్మకండి అనే చెబుతాను. జీవశాస్త్రం సిమెట్రీ కోసం పని చెయ్యదు.

ఇంతకీ డీపీ కణం ఏ వైపు వెళ్లాలో ఎలా తేలుతుంది? ఎంహెచ్‌సీ అంటే కణాలు ప్రోటీన్ ముక్కలను టి కణానికి చూపించే పళ్లెం లాంటిది; సీడీ4 దాని క్లాస్ 2 రకానికీ, సీడీ8 క్లాస్ 1 రకానికీ అంటుకుంటాయి. పాత ఊహ ప్రకారం ఎంహెచ్‌సీ క్లాస్ 2ను గుర్తిస్తే సీడీ8 ఆఫ్, క్లాస్ 1ను గుర్తిస్తే సీడీ4 ఆఫ్. అమెరికా ఎన్‌ఐహెచ్‌లో ఆల్ఫ్రెడ్ సింగర్ బృందం 2000లో దీన్ని తలకిందులు చేసింది. ఏ సంకేతం వచ్చినా కణం ముందు సీడీ8 జన్యువునే ఆపేస్తుంది. తర్వాత ఆగి చూస్తుంది. సంకేతం ఇంకా వస్తూనే ఉంటే తనకు సీడీ8 అక్కర్లేదన్నమాట, హెల్పర్ అవుతుంది. సంకేతం తెగిపోతే తనకు సీడీ8 కావాలన్నమాట. అప్పుడు ఐఎల్‌7 అనే సైటోకైన్ సాయంతో రంక్స్3 వస్తుంది, సీడీ4 మూతపడుతుంది, సీడీ8 తిరిగొస్తుంది. ఒక స్విచ్ ఆపి "ఇప్పుడు దీపం ఆరిందా?" అని చూసే ఎలక్ట్రీషియన్ పని.

దీన్ని ఎలా పట్టుకున్నారో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే సెమినార్‌లో మిమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే అవుతుంది. కణం మీద సీడీ8 ప్రోటీన్ కనిపిస్తోందంటే జన్యువు ఇప్పుడు ఆన్‌లో ఉందని కాదు. నిన్న చేసిన ప్రోటీన్ ఇవాళ కూడా పొర మీద వేలాడుతూ ఉండొచ్చు. అందుకని కణాలను ప్రోనేజ్ అనే ఎంజైమ్‌లో కాసేపు ఉంచి పొర మీదున్న సీడీ4, సీడీ8 అన్నిటినీ గొరిగేస్తారు. కడిగి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. తెల్లారి యాంటీబాడీ వేసి చూస్తే కొత్తగా మొలిచినవి మాత్రమే కనిపిస్తాయి. నిన్న డబుల్ పాజిటివ్ అనుకున్న కణాల్లో కొన్నిటి మీద పొద్దున్నకి సీడీ4 ఒక్కటే మొలిచి ఉంటుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ప్రోనేజ్ ఎక్కువసేపు ఉంచి సగం కణాలను చంపేశాను. రెండో రాత్రి మళ్లీ కూర్చున్నాను. ఆ ప్లాట్ చూసిన పొద్దున మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అణచివేత తప్పితే జరిగే నష్టానికి అందరూ చెప్పే ఉదాహరణ ఎల్‌ఎంఓ2. కణం థైమస్‌లోకి తెచ్చుకున్న మూటలో ఇది ఉందని మొదట్లో అన్నాను. డీఎన్ దశలు దాటేసరికి ఇది ఆఫ్ కావాలి. పారిస్‌లోనూ లండన్‌లోనూ ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపంతో టి కణాలు లేకుండా పుట్టిన పిల్లలకు రెట్రోవైరస్‌తో జీన్ థెరపీ చేశారు. 2000లో మొదటి ఫలితాలు వచ్చినప్పుడు ప్రపంచమంతా పండగ చేసుకుంది, ఆ పిల్లలకు నిజంగానే టి కణాలు వచ్చాయి. తర్వాతి కొన్నేళ్లలో రెండు చోట్లా కలిపి 20 మందిలో ఐదుగురికి టి కణ ల్యుకేమియా వచ్చింది, ఒకరు చనిపోయారు. ఎక్కువమందిలో వైరస్ వెళ్లి ఎల్‌ఎంఓ2 పక్కన కూర్చుంది. మూతపడాల్సిన జన్యువును వైరస్‌లోని ఎన్‌హాన్సర్ (జన్యువును గట్టిగా ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క) తెరిచి పట్టుకుంది. అలా ఎందుకు క్యాన్సర్ వస్తుందో 2010లో ఎలుకల్లో తేలింది: ఎల్‌ఎంఓ2 ఆగకుండా నడిచే థైమస్ కణాలను వేరే ఎలుకలోకి ఎక్కిస్తే అవి మూలకణాల్లా తమను తాము పునరుత్పత్తి చేసుకుంటూ ఉండిపోయాయి. ల్యుకేమియా కనిపించడానికి నెలల ముందే ఆ గుణం వచ్చేసింది. మామూలు థైమస్ కణానికి ఆ శక్తి ఉండదు, ఎదగడమో చావడమో తప్ప అక్కడే ఉండిపోయే వీలు లేదు. మజ్జ నాటి జన్యువులను మూయడం అంటే ఆ వీలును తీసేయడమే.

ఇక ప్రాక్టికల్‌గా రెండు మాటలు. థైమస్ కోసేటప్పుడు దాని పక్కనే అంటుకుని ఉండే చిన్న లింఫ్ గ్రంథులను తీసెయ్యడం మర్చిపోకండి. పీహెచ్‌డీ మొదటి ఏడాది నేను ఒక మ్యూటెంట్ ఎలుక థైమస్‌లో బి కణాలు చూసి, నాచ్ దెబ్బతిందని సంబరపడి మూడు వారాలు గాల్లో తేలాను. మా సీనియర్ అక్క ట్రేలోకి ఒక్కసారి చూసి, "ఆ రెండు గింజలు తీశావా?" అని అడిగింది. తీయలేదు. తీశాక బి కణాలూ పోయాయి, నా థీసిస్ అధ్యాయమూ పోయింది.

రెండోది మీ పేపర్ చదవడం గురించి. మీ సెమినార్ పేపర్ ఏదో చెప్పలేదు గానీ, ఇలాంటివాటిలో మొదట చూడాల్సింది ఏ క్రీ వాడారన్నది. క్రీ ముందున్న పేరు, అది ఏ జన్యువుతో పాటు ఆన్ అయి కోయడం మొదలుపెడుతుందో చెబుతుంది. ఎల్‌సీకే క్రీ అయితే అణచే ప్రోటీన్ డీఎన్ దశలోనే పోతుంది, తాళం పడకముందే. సీడీ4 క్రీ అయితే డీపీ దగ్గర పోతుంది. పేరు చూసి హెల్పర్ కణాల్లోనే పని చేస్తుందనుకోకండి, కిల్లర్ కణాలన్నీ కూడా డీపీ మీదుగానే వచ్చాయి కాబట్టి వాటిలోనూ జన్యువు పోయి ఉంటుంది. ఎదిగిన కిల్లర్‌లో మాత్రమే తీయాలంటే ఈ8ఐ క్రీ లాంటిది కావాలి. రచయితలు సీడీ4 క్రీ వాడి, "ఈ ప్రోటీన్ అణచివేతను నిలబెడుతోంది" అని రాస్తే ఒప్పుకోకండి. వాళ్లు చూపించింది అణచివేత మొదలవడానికి అది కావాలని మాత్రమే. ఏ క్రీ వాడారో, ఏ జన్యువో ఇక్కడ రాయండి, బొమ్మల వారీగా చూద్దాం.